బ్యాడ్జర్ పుర్రెలో పళ్ళ జబ్బులు, పంటి గాయాలు గుర్తించడం ఎలా?

కుక్క పుర్రెను శుభ్రం చేస్తే కింది దవడ దానంతటదే ఊడి చేతికొస్తుంది. ఎదిగిన యూరప్ బ్యాడ్జర్ (నేల తవ్వుకుని బొరియల్లో బతికే, చారల ముఖం జంతువు) పుర్రెలో అలా రాదు. దవడ కీలును పై ఎముక ముందూ వెనకా కొక్కెంలా పట్టుకుని ఉంటుంది. మాంసమంతా పోయాక కూడా దవడ తలుపులా తెరుచుకుంటుంది, మూసుకుంటుంది, కానీ విడిపోదు. ఈ సంగతి తెలియనివాళ్ళు గట్టిగా లాగి ఎముక విరగ్గొడతారు. అదే పుర్రెను తర్వాత చూసిన ఇంకొకరు దాన్ని జంతువుకు బతికుండగా తగిలిన దెబ్బ అనుకుంటారు. ఈ పనిలో జరిగే తప్పుల్లో చాలావరకు ఇలాంటివే. జబ్బును చూడలేకపోవడం తక్కువ, లేని జబ్బును చూడటం ఎక్కువ.

అందుకే ఈ పద్ధతంతా ఒకే ప్రశ్న చుట్టూ తిరుగుతుంది: ఈ మార్పు జంతువు బతికుండగా వచ్చిందా, చచ్చాక వచ్చిందా? దానికి జవాబు పంటిలో కన్నా పంటి చుట్టూ ఉన్న ఎముకలో దొరుకుతుంది. విరిగిన పన్ను మళ్ళీ అతుక్కోదు, పెరగదు. ఎముక మాత్రం బతికున్నన్నాళ్ళూ స్పందిస్తూనే ఉంటుంది. నునుపు తేలుతుంది, కరుగుతుంది, కొత్తగా పేరుకుంటుంది. మన కళ్ళు సహజంగా పంటి మీదికే పోతాయి. వాటిని కాస్త కిందికి దించడం అలవాటు చేసుకోవాలి.

ఇక్కడ చెప్పేదంతా ప్రధానంగా యూరప్ బ్యాడ్జర్ గురించి, అంటే మెలెస్ మెలెస్ జాతి గురించి. బతికున్న జంతువు నోరు పాడైతే ఏం చేయాలో చివర్లో కొంత ఉంది.

ముట్టుకునే ముందు

మొదట చట్టం సంగతి చూసుకోండి. బ్యాడ్జర్‌కు రక్షణ ఉన్న దేశాల్లో దాని ఎముక ముక్క దగ్గర పెట్టుకోవడం కూడా నేరం కావచ్చు. బ్రిటన్‌లో 1992 నాటి బ్యాడ్జర్ల రక్షణ చట్టం ప్రకారం చచ్చిన బ్యాడ్జర్‌ను గానీ, దాని శరీర భాగాన్ని గానీ దగ్గర ఉంచుకోవడం నేరమే. చట్టాన్ని ఉల్లంఘించి చంపినది కాకపోతే, ఉదాహరణకు రోడ్డు మీద బండి కింద పడి చచ్చినదైతే, మినహాయింపు ఉంది. ఎక్కడ దొరికింది, ఏ రోజు, ఎలా ఉన్న స్థితిలో దొరికింది అన్నది ఫోటోతో సహా అక్కడికక్కడే రాసిపెట్టుకోండి. రేపు ఎవరైనా అడిగితే అదే మీ సాక్ష్యం. మీ పరిశీలనకూ ఆ వివరం కావాలి.

రెండోది ఆరోగ్యం. పశువులకు క్షయ తెచ్చే మైకోబాక్టీరియం బోవిస్ అనే సూక్ష్మజీవి బ్యాడ్జర్లలో ఉండవచ్చు. అది మనుషులకూ సోకుతుంది. కళేబరాన్ని చేతి తొడుగులు లేకుండా తాకొద్దు. ఎండిన పుర్రెను పొడి బ్రష్‌తో రుద్ది దుమ్ము లేపొద్దు, తడిపి రుద్దండి. ఎముకను కోయాల్సి వస్తే మాస్క్ తప్పనిసరి. ఇంట్లో వంటకు వాడే గిన్నెలు ఈ పనికి వాడొద్దని వేరే చెప్పాలా?

మూడోది చాలామందికి తట్టదు. జంతువు ముఖం మీద చీలికలు, కింది దవడ దగ్గర కుక్క కాట్లలాంటి గాయాలు, మెడకో నడుముకో తీగ కోసుకుపోయిన గుర్తు, చర్మం కింద చేతికి తగిలే తుపాకీ గుళ్ళు కనిపిస్తే అక్కడితో ఆగిపోండి. కడగొద్దు, చర్మం ఒలవొద్దు. బ్రిటన్‌లో బ్యాడ్జర్ల మీదికి కుక్కలను ఉసిగొల్పే ఆటను 1835లోనే నిషేధించారు, అయినా దొంగచాటుగా అది సాగుతూనే ఉంది. అలాంటి కళేబరం పోలీసులకు, పశువైద్యులకు సాక్ష్యం. మీరు శుభ్రం చేస్తే ఆ సాక్ష్యం నీళ్ళలో కొట్టుకుపోతుంది.

శుభ్రం చేయకముందే ఫోటోలు తీయండి

పళ్ళ మీది గార పంటిలో భాగం కాదు. నానబెట్టి, బ్రష్‌తో రెండుసార్లు రుద్దితే పెచ్చులుగా ఊడిపోతుంది. ఆ తర్వాత చూస్తే పళ్ళు తెల్లగా ముచ్చటగా ఉంటాయి, మీరు ‘గార లేదు’ అని రాసేస్తారు. చిగురు వాచిందా, ఎర్రబడిందా, కిందికి జారిపోయిందా అన్నదీ తాజా కళేబరంలోనే కనిపిస్తుంది. కాబట్టి పెదవులు పక్కకు లాగి, కుడి, ఎడమ, ముందు నుంచి తీయండి. నోరు తెరిచి పై దవడ, కింది దవడ విడివిడిగా తీయండి. ప్రతి ఫోటోలో ఒక చిన్న స్కేలు ఉండాలి. లైటు ఎదురుగా కాకుండా పక్క నుంచి పడేలా చూసుకుంటే పగుళ్ళు, గుంటలు నీడలతో తేలిపోయి కనిపిస్తాయి.

ఎక్స్‌రే తీయించే వీలుంటే ఇప్పుడే తీయించండి. ఎందుకో విరిగిన పళ్ళ దగ్గర చెబుతాను.

పుర్రెను శుభ్రం చేయడం

ఉడకబెట్టొద్దు. మరిగే నీళ్ళలో పళ్ళు పగులుతాయి, ఎముకలోని కొవ్వు లోపలికి ఇంకి పసుపు రంగు నిలిచిపోతుంది. దుర్వాసన భరించగలిగితే గోరువెచ్చని నీళ్ళలో వారాల తరబడి నానబెట్టడమే మేలు. సూక్ష్మజీవులే మాంసాన్ని తినేస్తాయి. నీళ్ళు మార్చేటప్పుడు సన్న జల్లెడ గానీ, పలచటి గుడ్డ గానీ అడ్డం పెట్టి వంపండి. ముందు పళ్ళు, కోరలు ఒంటి వేరు పళ్ళు కాబట్టి సులువుగా జారిపోతాయి. బియ్యపు గింజంత పళ్ళు మురికి నీళ్ళతో పాటు కాలువలో కలిసిపోయాయంటే ఇక దొరకవు. ఈ ఒక్క జాగ్రత్త పాటించని పుర్రెలు ఎన్నో పెట్టెల్లో బోసి నోళ్ళతో కూర్చుని ఉంటాయి.

తర్వాత గిన్నెల సబ్బు కలిపిన నీళ్ళలో ఉంచితే కొవ్వు దిగుతుంది. తెల్లబడాలనుకుంటే 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ చాలు. క్లోరిన్ బ్లీచ్ ఎప్పుడూ వద్దు, అది ఎముకను పొడి పొడిగా రాలేలా చేస్తుంది. నిజానికి జబ్బులు చూడటానికే అయితే తెల్లబరచకపోవడమే మంచిది. పాత విరుపు మీది గోధుమ రంగు మరక మనకు కావలసిన ఆధారం.

ఆరబెట్టేటప్పుడు ఎండలో పెట్టొద్దు. గబగబా ఎండితే పంటి మీది ఎనామిల్ నిలువునా బీటలు తీస్తుంది. నీడన నెమ్మదిగా ఆరనివ్వండి.

పళ్ళు లెక్కపెట్టండి, నంబర్లు వేయండి

యూరప్ బ్యాడ్జర్‌కు పూర్తి లెక్క 38 పళ్ళు. పై దవడలో ఒక్కో పక్కన 3 ముందు పళ్ళు, 1 కోర, 4 అగ్రచర్వణకాలు (కోర వెనకుండే దవడ పళ్ళు), 1 చర్వణకం (వాటి వెనకుండే నూరే పన్ను) ఉంటాయి. కింది దవడలోనూ అంతే, కాకపోతే చర్వణకాలు 2. అమెరికా బ్యాడ్జర్‌కు 34, తేనె బ్యాడ్జర్‌కు 32. మీ చేతిలో ఉన్నది ఏ జాతో తేల్చుకోకుండా ‘నాలుగు పళ్ళు లేవు’ అనుకుంటే మొదటి అడుగులోనే బోల్తా పడతారు.

జాతి సరిగ్గా తెలిసినా ఇంకో చిక్కుంది. యూరప్ బ్యాడ్జర్‌లో కోర వెనకే ఉండే మొదటి అగ్రచర్వణకం పేరుకే పన్ను. గుండుసూది తలలా ఉంటుంది, చాలా జంతువుల్లో అసలు మొలవదు, మొలిచినా త్వరగా రాలిపోతుంది. నాలుగు వైపులా నాలుగూ లేకపోవచ్చు, ఒక పక్క ఉండి ఇంకో పక్క లేకపోవచ్చు. అక్కడ ఎముక నున్నగా ఉంటే పుట్టుకతో లేదో, చిన్నప్పుడే ఊడిందో చూపుతో తేల్చలేం. అందుకే పళ్ళు ఊడిన లెక్కలో ఈ నాలుగింటినీ కలపొద్దు. వేరే వరుసలో ‘ఉంది, లేదు’ అని రాస్తే సరిపోతుంది. అలాగే పన్ను కొంచెం పక్కకు తిరిగి ఉండటం, ఒక పన్ను అదనంగా ఉండటం పుట్టుకతో వచ్చే తేడాలే, జబ్బులు కావు.

నంబర్లకు పశువైద్యులు వాడే ట్రైయాడాన్ పద్ధతి వాడండి. పై కుడి పక్క 100తో, పై ఎడమ 200తో, కింద ఎడమ 300తో, కింద కుడి 400తో మొదలవుతాయి. కోర ఎప్పుడూ 4, మొదటి చర్వణకం ఎప్పుడూ 9. ఈ రెండూ గుర్తుంటే మిగతావి వేళ్ళ మీద లెక్కపెట్టుకోవచ్చు. పై కుడి కోర 104. పై ఎడమ పెద్ద దవడ పన్ను 209. కింద కుడి చివరి పన్ను 410. మధ్యలో పన్ను లేకపోయినా దాని నంబరు దానిదే, వెనకున్నది ముందుకు జరగదు.

209 అన్నాను కదా, ఆ పన్నును ఒకసారి తీరిగ్గా చూడండి. మాంసాహార జంతువుల వంశంలో పుట్టి సర్వభక్షిగా మారిన జీవి అన్న సంగతి ఆ ఒక్క పన్నే చెప్పేస్తుంది. పిల్లి నోట్లో కత్తెరలా మాంసం కోసే పన్ను పెద్దది. బ్యాడ్జర్ నోట్లో దాని వెనకున్న వెడల్పాటి నూరే పన్నే అన్నిటికన్నా పెద్దది. వానపాములు, పేడపురుగులు, గింజలు, పండ్లు, దుంపలు, ఏది దొరికితే అది దాని మీద పడి నలగాల్సిందే.

ఊడింది ఎప్పుడు?

ఇప్పుడు పన్ను లేని ప్రతి చోటా భూతద్దం పెట్టండి. పది రెట్లు పెద్దదిగా చూపే చిన్న భూతద్దం చాలు.

పంటి గూడు లోతుగా ఉండి, అంచులు పదునుగా, పలచగా ఉండి, లోపల వేరు ఆకారం అచ్చు పోసినట్టు కనిపిస్తే ఆ పన్ను చచ్చాకే రాలింది. అది జబ్బు కాదు. నానబెట్టిన బకెట్లోనో, దొరికిన పొలం గట్టు మీదో ఉండిపోయి ఉంటుంది.

గూడు లోతు తగ్గి, అంచులు గుండ్రబడి, అడుగున స్పంజిలాంటి ఎముక పూడుకుంటూ ఉంటే పన్ను ఊడాక జంతువు కొన్నాళ్ళు బతికింది. గూడు పూర్తిగా పూడిపోయి దవడ గట్టు నున్నగా తేలిపోతే చాలా కాలమే బతికింది. ఈ పూడటం వారాల్లో మొదలై నెలలపాటు సాగుతుంది. అయితే ఏ జంతువులో ఎన్ని వారాలు అని ఖచ్చితంగా చెప్పే సాహసం చేయొద్దు. వయసు, చీము, తిండి, అన్నీ దాన్ని మారుస్తాయి.

ఈ రెండిటికీ మధ్య ఒక ఇబ్బందికరమైన స్థితి ఉంది. పన్ను చచ్చే ముందు గంటల్లోనో రోజుల్లోనో ఊడితే, ఎముక స్పందించే వ్యవధి ఉండదు. గూడు పదునుగానే కనిపిస్తుంది. బండి గుద్ది చచ్చిన జంతువుల్లో ఇది మామూలే. అలాంటప్పుడు శుభ్రం చేయకముందు తీసిన ఫోటోలే దిక్కు. గూట్లో గడ్డకట్టిన రక్తం ఉంటే పన్ను బతికుండగా ఊడినట్టు. ఫోటో లేకపోతే ‘తేలలేదు’ అని రాయండి. ఆ మాట రాయడానికి మొహమాటం వద్దు.

విరుపులకూ ఇదే తర్కం. ఎండిన ఎముక విరిగితే అంచు గరుగ్గా, మిగతా ఎముక కన్నా తెల్లగా ఉంటుంది. ఎండిన పన్ను నిలువునా చీలితే చీలిక శుభ్రంగా, మరకలేమీ లేకుండా ఉంటుంది. బతికుండగా విరిగిన పంటి అంచు రోజూ తిండితో రాసుకుని మొద్దుబారుతుంది, రంగు పట్టేస్తుంది. వేలి గోరుతో అంచు వెంబడి గీసి చూడండి. చచ్చాక విరిగినది గోటికి గుచ్చుకుంటుంది, బతికుండగా విరిగి చాలా రోజులైనది జారిపోతుంది.

అరుగుదల జబ్బు కాదు, కానీ చాలా చెబుతుంది

బ్యాడ్జర్ ఒక్క రాత్రిలో వందకు పైగా వానపాములు తినగలదు. ప్రతి వానపాము కడుపులోనూ మట్టి, సన్న ఇసుక. పైగా నేల తవ్వుతూ, మూతితో పెళ్ళగిస్తూ తినే జీవి. కాబట్టి దాని పళ్ళు అరుగుతాయి, అరగాలి కూడా. వయసు మళ్ళిన బ్యాడ్జర్ ముందు పళ్ళు చిగురు దాకా అరిగి మొండాల్లా మిగిలితే కంగారు పడి ‘దంత వ్యాధి’ అని రాయొద్దు.

అరుగుదలను 1 నుంచి 5 దాకా అంకెలతో రాసుకోవడం వాడుకలో ఉంది. ఆక్స్‌ఫర్డ్ దగ్గరి వైథమ్ అడవిలో 1987లో మొదలైన బ్యాడ్జర్ల పరిశోధనలో కూడా ఇలాంటి కొలతే వాడారు. 1 అంటే అరుగుదల లేనట్టే, 5 అంటే చిగురు దాకా పోయినట్టు. వాడండి, కానీ ఆ అంకెను వయసుగా మార్చేయొద్దు. ఇసుక నేలలో బతికినదీ మెత్తని నల్లమట్టిలో బతికినదీ ఒకే వయసులో ఒకేలా అరగవు. వయసు నిజంగా కావాలంటే పంటి వేరును సన్నగా కోసి, వేరు చుట్టూ ఉండే సిమెంటమ్ పొరలు లెక్కపెట్టే పద్ధతి ఉంది. అది ప్రయోగశాలలో చేసే పని.

నాకు అంకె కన్నా ఎక్కువ పనికొచ్చేది తేడా. కుడి ఎడమ పోల్చండి. రెండు పక్కలా సమానంగా అరిగితే అది ఆయుష్షు గుర్తు. ఒక పక్క బాగా అరిగి, ఇంకో పక్క పళ్ళు పదునుగా ఉండి, పైగా గార దట్టంగా పట్టి ఉంటే, ఆ జంతువు నొప్పి ఉన్న పక్కను వదిలేసి రెండో పక్కతో నమిలి ఉండవచ్చు. అప్పుడు పదునుగా ఉన్న పక్కనే వెతకండి. బాగున్నట్టు కనిపించే పళ్ళ మధ్యే దెబ్బతిన్నది దొరుకుతుంది.

అరిగిన పంటి మధ్యలో గోధుమ రంగు మచ్చ కనిపిస్తే దంత వైద్యులు వాడే సన్న సూది మొనతో దాని మీద నెమ్మదిగా గీయండి. మొన గాజు మీద జారినట్టు జారితే అది పన్ను తనను తాను కాపాడుకోవడానికి లోపల వేసుకున్న కొత్త డెంటిన్, అంటే ఎనామిల్ కింద ఉండే గట్టి పదార్థం. అరుగుదల నెమ్మదిగా సాగింది, పన్ను బతికే ఉంది. మొన గుంటలో దిగితే పల్ప్, అంటే నరాలు, రక్తనాళాలు ఉండే పంటి లోపలి మెత్తని భాగం, బయటపడింది. ఇక ఆ పంటి వేరు కొన దగ్గర ఎముక చూడకుండా ముందుకు పోవద్దు. చూపుకు రెండూ ఒకే మచ్చలా ఉంటాయి, తేడా సూదికే తెలుస్తుంది.

విరిగిన పళ్ళు

ఎక్కువగా దెబ్బ తగిలేది కోరలకు. పొడుగ్గా ముందుకు ఉంటాయి, కాటు వేసినా, బండి గుద్దినా, ఇనుప కడ్డీ కొరికినా వాటి మీదే పడుతుంది. ప్రతి విరిగిన పంటికీ మూడు ప్రశ్నలు వేసుకోండి. ఎంత లోతుకు విరిగింది: ఎనామిల్ పెచ్చు మాత్రమేనా, డెంటిన్ దాకానా, పల్ప్ బయటపడిందా, వేరు కూడా చీలిందా? ఎప్పుడు విరిగింది: అంచు పదునుగా ఉందా, మొద్దుబారిందా? విరిగాక ఏమైంది: వేరు కొన దగ్గర ఎముక మామూలుగా ఉందా, కరిగిందా?

మూడో ప్రశ్నకు ఎక్స్‌రే ఒక అందమైన జవాబిస్తుంది. కుర్ర జంతువు కోరలో పల్ప్ గొట్టం వెడల్పుగా ఉంటుంది. వయసు పెరిగే కొద్దీ లోపలి గోడకు డెంటిన్ పేరుకుంటూ గొట్టం సన్నబడుతుంది. పన్ను చచ్చిపోతే ఆ పేరుకోవడం ఆగిపోతుంది. కాబట్టి ముసలి బ్యాడ్జర్ ఎక్స్‌రేలో ఎడమ కోర గొట్టం దారంలా సన్నగా, విరిగిన కుడి కోర గొట్టం వెడల్పుగా కనిపిస్తే, ఆ కుడి కోర ఎప్పుడో చిన్న వయసులోనే విరిగి చచ్చింది. విరిగిన ఆ పంటితోనే జంతువు ఏళ్ళ తరబడి బతికిందన్నమాట. ఆగిపోయిన గడియారం లాంటిది ఆ పన్ను.

ఇక కారణం. ఇక్కడే ఊహలు రెక్కలు విప్పుకుంటాయి, కాస్త పట్టి ఉంచండి. బ్యాడ్జర్లు సరిహద్దుల కోసం, జత కోసం కొట్టుకుంటాయి. మెడ మీద, తోక మొదట్లో కాటు గాయాలు దానికి గుర్తు. అవి ఉండి కోర కూడా విరిగి ఉంటే కొట్లాట అనుకోవడానికి కొంత ఆధారం ఉంది. పుర్రె ఒక్కటే చేతిలో ఉంటే ఆ ఆధారం లేదు. ముందు పళ్ళు, కోరలు ఒకేసారి, పదునైన అంచులతో, తాజాగా విరిగి ఉంటే బోను కడ్డీలు కొరికిందా అని అడగవచ్చు. బోనులో పడిన జంతువులన్నీ ఇలా పళ్ళు విరగ్గొట్టుకుంటాయని అనుకోకండి. ఇంగ్లండ్‌లో పశువుల క్షయ నివారణ ప్రయోగంలో భాగంగా బోన్లలో పట్టిన బ్యాడ్జర్ల మీద 2005లో అచ్చయిన ఒక పరిశీలనలో 88 శాతం జంతువులకు బోను వల్ల కనిపించే గాయమే లేదు. పళ్ళకో దవడకో బాధపెట్టే దెబ్బ తగిలినవి 1.8 శాతం. శాతం చిన్నదే, ఆ కొన్నింటికి బాధ మాత్రం చిన్నది కాదు. ‘విరిగిన పన్ను ఉంది కాబట్టి బోనులో పడింది’ అని వెనక్కి లెక్కకట్టడం మాత్రం కుదరదు.

గార, చిగుళ్ళ జబ్బు, చీము

ఎముక మీద చిగురు ఉండదు, చిగుళ్ళ జబ్బు వదిలిన జాడే ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న నోట్లో పంటి మెడకూ (ఎనామిల్ ముగిసే చోటు) దవడ ఎముక అంచుకూ మధ్య దూరం ఒకటి రెండు మిల్లీమీటర్లకు మించదు. మిల్లీమీటర్ గీతలున్న దంత వైద్యుల కొలత పుల్లతో ప్రతి పంటికీ లోపలి పక్క, బయటి పక్క కొలవండి. ఎముక అంచు నున్నగా, గట్టిగా ఉందా, చీమలు కొరికినట్టు సన్న రంధ్రాలతో గరుగ్గా ఉందా చూడండి. గరుకు అంచు అంటే చచ్చే సమయానికి వాపు ఇంకా సాగుతోందని. ఎముక తగ్గి, అంచు నున్నబడి ఉంటే ఒకప్పటి జబ్బు సద్దుమణిగిందని.

వయసుతో బాగా అరిగిన పళ్ళు గూట్లోంచి కొంత పైకి జరుగుతూ ఉంటాయి. అప్పుడు ఎముక తగ్గకుండానే వేరు బయటపడినట్టు కనిపిస్తుంది. దూరం ఎక్కువగా ఉండి ఎముక అంచు మాత్రం ఆరోగ్యంగా ఉంటే ఈ సంగతి గుర్తు చేసుకోండి.

రెండు మూడు వేర్లున్న పళ్ళకు వేర్లు చీలే చోట కొలత పుల్ల దూర్చండి. సగం లోపు దూరితే 1, సగం దాటితే 2, అటు నుంచి ఇటు బయటికొస్తే 3 అని రాయండి. 3 ఉన్న పన్ను బతికుండగానే కదులుతూ ఉండి ఉంటుంది.

చీముగడ్డ జాడ వేరు కొన దగ్గర ఉంటుంది. ఎముకలో గుండ్రటి రంధ్రం, నున్నబడ్డ అంచులు, చుట్టూ కొత్త ఎముక ఉబ్బెత్తుగా. పై దవడలో ఇది కంటి కిందికి తేలవచ్చు, తాజా జంతువులో చెంప వాపుగా కనిపిస్తుంది. దీన్ని పోలిన ఇంకో రంధ్రం ఉంది, అదే ఎక్కువమందిని బురిడీ కొట్టిస్తుంది. వేరు మీది ఎముక సహజంగానే పలచగా ఉండి, కిటికీలా తెరుచుకుని, లోపల వేరు నున్నగా కనిపిస్తూ ఉంటుంది. అంచులు కత్తిలా పలచన, చుట్టూ స్పందన ఏమీ లేదు. అది జబ్బు కాదు, ఎముక అంతే. రంధ్రం ఎక్కడుంది అని కాదు, రంధ్రం చుట్టూ ఎముక ఏమంటోంది అని చూడాలి.

పిప్పి పళ్ళ సంగతి త్వరగా ముగించవచ్చు. మాంసాహార జంతువుల వంశంలో అవి అరుదు. నల్ల మచ్చ కనిపిస్తే ముందు మట్టి మరకేమో చూడండి. సూది మొన మెత్తగా దిగి, అంచులు లోపలికి తొలిచినట్టు ఉంటేనే పిప్పి అని రాయండి.

దవడ ఎముక, కీలు

కీలు విడిపోని నిర్మాణం వల్ల బ్యాడ్జర్ దవడ జారడం చాలా కష్టం, ఆ దెబ్బంతా ఎముక మీద పడుతుంది. అందుకే దవడ విరుపులు జాగ్రత్తగా వెతకాలి. అతుక్కున్న విరుపు ఉంటే ఎముక ఆ చోట లావెక్కి ఉంటుంది, పళ్ళ వరుస కొంచెం వంకర తిరుగుతుంది, నోరు మూస్తే పై కోర కింది కోర సరిగ్గా కలవవు. కలవని ఆ పళ్ళ మీద అరుగుదల కూడా వింతగా, ఏటవాలుగా ఉంటుంది.

శుభ్రం చేసేటప్పుడు కింది దవడ గడ్డం దగ్గర రెండు సగాలుగా విడిపోతే కంగారు పడొద్దు. విడిన ముఖాలు ఎగుడుదిగుడుగా, రెండూ ఒకదానిలో ఒకటి ఇమిడేలా ఉంటే అది సహజమైన అతుకే.

కీలు ముఖాన్ని దవడ అటూ ఇటూ కదుపుతూ టార్చ్ లైటుతో చూడండి. నున్నగా ఉండాలి. గుంటలు, అంచున పెదవిలా పెరిగిన ఎముక ఉంటే కీళ్ళవాతం.

రాసుకోవడం

ఒక్కో పంటికి ఒక్కో వరుస పెట్టండి. ‘జబ్బు లేదు’, ‘చూడలేకపోయాను’ వేర్వేరు గళ్ళలో ఉండాలి. చచ్చాక రాలిన పంటికి జబ్బు ఉందో లేదో మనకు తెలియదు, దాన్ని ఆరోగ్యంగా లెక్కేస్తే జబ్బు శాతం తగ్గిపోతుంది. ‘వంద పళ్ళలో పది’ అన్నదీ ‘పది జంతువుల్లో ఒకటి’ అన్నదీ ఒకటి కాదు. ఒకే ముసలి బ్యాడ్జర్ నోట్లో ఆ పదీ ఉండవచ్చు. రెండు లెక్కలూ ఇవ్వండి. పుర్రెలన్నీ రోడ్డు మీద దొరికినవే అయితే ఆ మాట పైనే రాయండి. బండ్ల కింద పడేవి అడవిలో బతికేవాటన్నిటికీ ప్రతినిధులు కావు.

వీలైతే పది పుర్రెలు చూశాక ఒక వారం ఆగి, మొదటి మూడు మళ్ళీ పాత కాగితం చూడకుండా పరీక్షించండి. మీ అంకెలు మీకే ఎంత మారాయో తెలిస్తే మిగతా ఏడింటినీ కాస్త వినయంగా చూస్తారు.

బతికున్న బ్యాడ్జర్ నోరు పాడైతే

పట్టపగలు నీరసంగా తిరుగుతూ, చిక్కిపోయి, చొంగ కారుస్తూ, తిండి నోట్లోంచి జార్చుకుంటూ కనిపిస్తే నోటి జబ్బు ఒక కారణం కావచ్చు. కారణాలు వేరేవీ ఉంటాయి. మీరు చేయాల్సింది దూరం నుంచి వీడియో తీయడం, జంతు రక్షణ బృందానికో పశువైద్యుడికో కబురు చేయడం. చేత్తో పట్టుకోవద్దు, నోరు తెరిచి చూడాలన్న ఆలోచనే వద్దు. ఇప్పటిదాకా వర్ణించిన ఆ దవడ, మాడు మీది ఎముక గట్టుకు అతుక్కున్న ఆ కండరాలు మీ వేళ్ళ మీద పనిచేస్తాయి. బ్రిటన్ చట్టం గాయపడిన బ్యాడ్జర్‌కు వైద్యం కోసమే దాన్ని పట్టుకోవడాన్ని అనుమతిస్తుంది, ఆ గాయం మీ వల్ల అయినది కాకూడదు. అనుమతి ఉండటం వేరు, పట్టగలగడం వేరు.

నోటి పరీక్ష మత్తు ఇచ్చాకే జరుగుతుంది. పల్ప్ బయటపడిన కోరను సాధారణంగా తీసేయడమే మేలు. అడవికి తిరిగి వెళ్ళే జంతువుకు రూట్ కెనాల్ చికిత్స చేసి మళ్ళీ మళ్ళీ పరీక్షకు రమ్మనలేం కదా. కోర వేరు బయట కనిపించే భాగం కన్నా పొడుగు, కాబట్టి తీయడం చిన్న పని కాదు, కింది దవడ విరిగే ప్రమాదం ఉంటుంది.

తర్వాత వదలాలా వద్దా అన్న ప్రశ్న. ఒక కోర లేని బ్యాడ్జర్ బతకగలదు. తడి నేల మీది వానపాములను పెదవులతో, ముందు పళ్ళతో అందుకుని లాక్కుంటుంది, దానికి కోరలతో పెద్ద పని లేదు. చిక్కు వచ్చేది నేల ఎండి వానపాములు లోతుకు దిగిపోయిన రోజుల్లో. అప్పుడు గట్టి గింజలు, పురుగులు నూరాలి, దానికి దవడ పళ్ళు కావాలి. కాబట్టి వైద్యుడితో మాట్లాడేటప్పుడు కోరల గురించే కాక 109, 209, 309, 409 ఎలా ఉన్నాయని అడగండి. వదిలేటప్పుడు దొరికిన చోటే వదలాలి. బ్యాడ్జర్లు గుంపులుగా సరిహద్దులు గీసుకుని బతుకుతాయి. కొత్త చోట పరాయిదాన్ని వదిలితే దాని మీద పడతాయి, అప్పుడే బాగైన నోటికి మళ్ళీ దెబ్బలు తగులుతాయి.

తీసేసిన పన్నును పారేయొద్దని వైద్యుడికి ముందే చెప్పి ఉంచండి. చిన్న కవర్లో వేసి, తేదీ, ట్రైయాడాన్ నంబరు రాసి పెట్టమనండి. కొన్నేళ్ళకు అదే చుట్టుపక్కల రోడ్డు మీద ఒక పుర్రె దొరికి, అందులో సరిగ్గా ఆ నంబరు గూడు పూడిపోయి కనిపిస్తే, ఆ కవరు తీసి పోల్చి చూడవచ్చు.